వేబిల్లు

చిన్న డాక్టరమ్మ గీతల కాగితం మీద వేలు పెట్టి
"ఇక్కడ చూడు తాతా, నీకు ఇంతకుముందే ఒకసారి
గుండెపోటు వచ్చి పోయింది" అనె.
ఎప్పుడమ్మా అంటి.
అది నువ్వే చెప్పాల అనె.

ముప్పై ఒక్క ఏండ్లు బెంగుళూరు సిటీ బస్సులో కండక్టర్ని.
శివాజీనగర్ నుంచి బనశంకరికి
కాలు మోపే చోటు లేని బస్సులో
టికెట్టు తీయనివాణ్ణి మొహం చూసి పడితిని.
కిటికీ బయటికి మరీ శ్రద్ధగా చూసేవాడు, వాడే.
అట్లాంటిది నా రొమ్ములోకే ఎక్కి
ఒక స్టేజీ దూరం కూర్చొని
సీటు చింపి దిగిపోయినాడంట ఒకడు.

నొప్పి రాలేదా? రాలేదు.
చక్కెర ఎన్నేండ్లుగా? ఇరవై రెండు.
నా అరికాల్లో సూదిమొన ఆనించి
"తెలుస్తా ఉందా?" అనె.
"పెట్టినావామ్మా?" అంటి.

పాత బస్సుల్లో నెత్తిమీద ఒక తాడు ఉండేది.
వెనక నేను లాగితే
ముందర డ్రైవరు చెవికాడ గంట మోగేది.
ఇన్నేండ్లు చక్కెరనీళ్ళలో నాని
నాలోపలి తాడు యాడనో తెగింది.
గుండె లాగతానే ఉండిందేమో,
నేను తోలతానే ఉంటిని.

మొన్న యశవంతపురం మార్కెట్టు కాడ
ఎడమకాలి చెప్పు ఊడిపోతే
పూలమ్మే ఆయమ్మ వెనకనుంచి కేకేసి ఇచ్చె.
ఇంట్లో అందరమూ నవ్వితిమి దానికి.
నా జోడీ డ్రైవరు చౌడప్ప
కుర్చీలో పేపరు పట్టుకొనే పోయె.
పుణ్యాత్ముడు, నొప్పి తెలీకుండా పోయినాడంటిమి.
వాడిదీ చక్కెరే.

ఇంటికొచ్చి ట్రిప్పులన్నీ లెక్క పెడితిని.
అనపకాయల కాలంలో, పితికిపప్పు తిన్న రాత్రి
దవడ లాగె. పన్ననుకొని లవంగం అదుముకొంటి.
అది కావచ్చు.
మల్లేశ్వరంలో చెల్లెలి మనవరాలి నిశ్చితార్థం నాడు
ఎవరూ చూడకుండా రెండు ఓళిగలు మింగితే
అంత చలిలో చొక్కా తడిసె.
దొంగతనానికి పట్టిన చెమట అనుకొంటి.
అదైనా కావచ్చు.

ఇంకొకటుంది.
ఆషాఢంలో, లిఫ్టుకు కరెంటు లేని మధ్యాహ్నం,
పది కిలోల రాగిపిండి భుజాన వేసుకొని
మూడో అంతస్తు మెట్ల నడుమ కూలబడితిని.
ఊపిరి పైకీ రాలేదు, కిందికీ పోలేదు.
పైనుంచి అక్కయమ్మ:
"నీ ఈడువాళ్ళు లాల్‌బాగు రెండు సుట్లు తిరుగుతారు.
సంగటి వేళకు ఎక్కుతావా,
నేనే దిగి నిన్నూ మోసుకోవాల్నా?"
నేను నవ్వినట్టు గుర్తు.
ఎక్కినట్టు గుర్తు లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచి ఆమె మాట తగ్గె.
చారులో ఉప్పు సగమాయె.
మాత్రల డబ్బీకి ఏడు గళ్ళు,
ఒక్కో మూతా రెండుసార్లు నొక్కి చూస్తాది.
ఈ రాత్రి లైటు ఆర్పినాక
గోడ తట్టు తిరిగి పండుకొని అడిగె:
"ఆ రాగిపిండి దినమేనా?"

నా వేబిల్లులో ఒక్క అంకె తప్పు రాసినోణ్ణి కాదు.
చెకింగువాళ్ళు ఏ మలుపులో బస్సు ఆపినా
సంచీలో చిల్లరతో సహా సరిపోయేది.
అధికారి ఒకాయన దండం పెట్టిపోయె ఒకసారి.

"కాదే," అంటి.
"ఆ పొద్దు ఎండకు కూర్చుంటి, అంతే.
ఇది ఓళిగల నాడు. దొంగతనంగా తింటి."
"ఎన్ని?"
"మూడు."

రెండే తింటి.

ఆమె చీకట్లోనే లేచి కూర్చొని
తిట్టబట్టె, నన్నూ, నా చెల్లెల్నీ, వడ్డించినవాళ్ళనీ,
డిపోలో మొదటి బస్సు
ఇంజను వేడిచేసుకొనే వేళదాకా.